చల్లారినాక చూద్దాం

మామను తీసుకుపోవడానికి వచ్చిన వ్యానుకు ముందు ఎడమ చక్రం బేరింగు పోయింది. బొమ్మిడి స్టేషను రోడ్డు మలుపు తిరగక ముందే ఆ శబ్దం వినిపించింది. సన్నగా మొదలై, వేగం పెరిగేకొద్దీ మూలుగుగా మారే శబ్దం. వ్యాను ఇంటి ముందు ఆగింది. డ్రైవరు దిగి వెనక తలుపులు తెరిచాడు. వాకిట్లో అరవై డెబ్భై మంది ఉన్నారు. వాళ్ళలో సగం మంది మామ సరే అంటేనే బండ్లు కొన్నవాళ్ళు. ఎవరూ ఆ చక్రం వైపు చూడలేదు. చూడవలసిన మనిషి లోపల ఐసు పెట్టెలో ఉన్నాడు.

నాకు ఏడుపు రాలేదు. ఆ బేరింగు ఇంకో నాలుగైదు వందల కిలోమీటర్లు వస్తుందనుకున్నాను. శ్మశానం రెండు కిలోమీటర్లు. సరిపోతుంది.

ఆయన నాకు సొంత మామ కాదు. తమిళ సీమలో ధర్మపురి చుట్టుపక్కల ఉన్న తెలుగు ఇళ్ళ మధ్య ఎక్కడో ఒకచోట వరస కలుస్తుంది. మా అమ్మ వైపు నుంచి కలిసిన వరసలో ఆయన మామ, నేను అల్లుణ్ణి. ఒకప్పుడు లారీ షెడ్లలో పనిచేసేవాడట. నాకు తెలిసేనాటికి ఆయన పని ఒక్కటే. ఎవరైనా పాత బండి కొనాలంటే వెంట పోయి చూసి రావడం. దానికి కూలి లేదు. బస్సు చార్జీ, ఒక టీ. ఆయన మంచిదన్న బండి కొన్నవాళ్ళు మాత్రం ఆయన భుజం మీద ఒక కొత్త తువ్వాలు వేయాలి. వద్దన్న బండికి తువ్వాలు లేదు.

"అట్లయితే అన్ని బండ్లూ మంచివే అని చెప్పొచ్చు కదా మామా" అని ఒకసారి అడిగాను.

"నాకు ఎన్ని భుజాలుండాయి అల్లుడా?" అన్నాడు.

బండి దగ్గరికి పోగానే ఆయన మొదట చేసే పని బానెట్టు మీద అరచేయి పెట్టడం, జ్వరం చూసినట్టు. వేడిగా ఉంటే మారుమాట లేకుండా నీడ చూసుకుని కూర్చునేవాడు. "చల్లారినాక చూద్దాం" అనేవాడు. అమ్మేవాడు ఎంత తొందర పెట్టినా లేచేవాడు కాదు. చల్లటి ఇంజను అబద్ధం చెప్పదని ఆయన నమ్మకం. పొగైనా, టకటకమనే చప్పుడైనా, లోపల రోగముంటే స్టార్టయిన మొదటి పది సెకన్లలో బయటపడుతుంది. అందుకే దాచుకోవడానికి ఏదైనా ఉన్నవాడు మనం పోయేలోపే బండిని వేడి చేసి పెడతాడు. ఇందులో తప్పు పట్టడానికి నా చదువుకు ఏమీ దొరకలేదు.

కూర్చున్నంత సేపూ ఊరికే ఉండేవాడు కాదు. అమ్మేవాళ్ళ ఇంట్లో నీళ్ళు అడిగేవాడు. దాహమేసి కాదు. "చెంబు తోమని ఇంట్లో ఆయిలు మార్చుంటారా?" అనేవాడు. తరువాత బండి వెనక సీట్లో కూర్చుని, ఇంకెవరినో తోలమని చెప్పి, కళ్ళు మూసుకునేవాడు. అన్నింటికన్నా ఎక్కువ సమయం సీటు బెల్టుల మీద పెట్టేవాడు. ఒక్కొక్క బెల్టునూ చివరిదాకా లాగేవాడు. మామూలుగా కట్టుకునేటప్పుడు ఆఖరి జానెడు బయటికి రాదు. వరదలో మునిగిన బండిని ఎంత కడిగినా ఆ జానెడులో బురద గీత మిగిలే ఉంటుంది. బెల్టు అడుగున తయారైన సంవత్సరం వేసిన చీటీ ఒకటి కుట్టి ఉంటుంది. అదీ చూసేవాడు.

ఇంత చేసే మనిషి తను మాత్రం ఎప్పుడూ బెల్టు కట్టుకోలేదు. ముందు సీట్లో కూర్చుంటే, పోలీసులు కనిపించినప్పుడు బెల్టును ఛాతీ మీదుగా లాగి చేత్తో పట్టుకునేవాడు. వాళ్ళు దాటిపోగానే వదిలేసేవాడు. "లారీలో ఏడుండె బెల్టు? బతకలేదా?" అనేవాడు.

ఇంకొక పద్ధతి కూడా ఉంది. బండి దగ్గర ఆయన తెలుగులో మాట్లాడేవాడు. మాకు బజారులో, బస్సులో, ఆఫీసుల్లో అంతా తమిళమే. తెలుగు ఇంట్లో మాట్లాడుకునే భాష. నాకు తెలుగు రాయడం వచ్చింది కూడా హోసూరులో ఉద్యోగంలో చేరాక, గదిలో ఉండే స్నేహితుడు నేర్పితేనే. మామకు ఒక్క అక్షరం రాదు. కానీ అమ్మేవాడి ఎదుటే నిలబడి అతని బండి లోపాలు చెప్పుకోవడానికి మా వాళ్ళకు ఇంతకంటే మంచి సౌకర్యం లేదు. మొహంలో నవ్వు చెదరకుండా "గేరుబాక్సు పోయుండాది, వీడు మహా దొంగ" అని నాతో తెలుగులో అని, అదే నోటితో అతనితో "బండి చాలా బాగా పెట్టుకున్నారు సార్" అని తమిళంలో అనేవాడు.

నేను హోసూరులో ఒక విడిభాగాల కర్మాగారంలో నాణ్యత తనిఖీ చేస్తాను. కాలేజీ రోజుల్లో ఒకసారి హొగేనక్కల్‌లో, పుట్టి పడవలు ఆగేచోట, ఇసుకలోంచి ఒక బండి పైకి రావడం చూశాను. నాలుగు చక్రాలూ లాగే విదేశీ బండి. దాని పొట్ట కింద నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఇంజను శబ్దం పెరగలేదు. చక్రాలు జారలేదు. మేడ మీదికి మెట్లెక్కినట్టు తాపీగా ఎక్కి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి నాకు ఆ బండి కావాలి. కొత్తది కొనడం ఈ జన్మకు కుదరదు. పాతది కుదరవచ్చని లెక్క వేసుకుని ఆరేళ్ళు ఆగాను. అరవై నాలుగు అంశాలతో ఒక జాబితా తయారుచేసుకున్నాను. బెంగళూరు, సేలం, కోయంబత్తూరులలో పదకొండు బండ్లు చూశాను. ఒక్కటీ నా జాబితా దాటలేదు.

పన్నెండోది మారండహళ్ళి బయట ఒక కొబ్బరి తోటలో ఉందని తెలిసింది. అమ్మ ఒకే షరతు పెట్టింది. మామ సరే అంటేనే కొనాలి.

నా చేతిలోని కాగితాలు చూసి మామ బస్సులోనే మొదలుపెట్టాడు. "ఏమల్లుడా, మనం పోయేది పెండ్లికూతుర్ని చూసేదానికా, పోస్టుమార్టం చేసేదానికా?"

తోటలో రేకుల షెడ్డు కింద, గుడ్డ కప్పి ఉంది బండి. దాని యజమానికి యాభై అయిదేళ్ళుంటాయి. తెల్ల చొక్కా, పంచె. తమిళంలో తక్కువ మాటలు మాట్లాడాడు. పైగుడ్డను తనే తీసి, నాలుగు మడతలు పెట్టి, మోచేతి మీద వేసుకుని ఒక పక్కగా నిలబడ్డాడు.

మామ బానెట్టు మీద చేయి పెట్టాడు. షెడ్డులోకి ఎండ రాదు. అయినా వేడిగా ఉంది.

"వేడి చేసి పెట్టినాడు, దొంగ నాయాలు" అన్నాడు నాతో. అతనివైపు తిరిగి, "తొందరేముంది సార్, చల్లారినాక చూద్దాం" అన్నాడు తమిళంలో.

కొబ్బరి చెట్ల కింద రెండు కుర్చీలు వేశాడు యజమాని. నీళ్ళు కూడా ఆయనే తెచ్చాడు. తోటలోని ఇంటి తలుపు వెనక ఒక ఆడమనిషి నిలబడి ఉండడం నాకు కనిపించింది. మామకూ కనిపించింది.

"ఇంట్లో ఆడోళ్ళుండి కూడా నీళ్ళు ఈయన తెచ్చినాడు, చూసినావా? ఈ బండి మీద ఇంట్లో ఏదో గొడవుండాది" అన్నాడు.

ఈలోగా నేను నా పని చేసుకున్నాను. రంగు మందం కొలిచే మీటరు పెడితే కుడి ముందు తలుపు మీద మాత్రం అంకె ఎక్కువ చూపించింది. అడిగాను. గేటుకు రాసుకుందని చెప్పాడు యజమాని. జాబితాలో 'చిన్న లోపం' గడిలో రాసుకున్నాను.

"గేటే ఎదురొచ్చి గుద్దిందేమో అడుగు" అన్నాడు మామ. నేను నవ్వాను.

బానెట్టు చల్లారాక స్టార్టు చేశాం. పొగ లేదు. చప్పుడు లేదు. గాలి సస్పెన్షను మీట నొక్కగానే బండి మోకాళ్ళ మీద నుంచి లేచినట్టు మెల్లగా పైకి లేచింది. మామ కళ్ళు పెద్దవయ్యాయి. "గంగిరెద్దు మాదిరి లేస్తుండాదే!" అన్నాడు. ఆయన ఒక బండిని చూసి అంత సంతోషపడడం నేను ఎప్పుడూ చూడలేదు. నా జాబితాలో అరవై మూడు అంశాలకు టిక్కులు పడ్డాయి. బండి నాదే అనుకున్నాను.

మామ బెల్టులు లాగడం మొదలుపెట్టాడు. వెనకవి రెండు. ముందు ఎడమది. చీటీల మీద ఒకే సంవత్సరం. డ్రైవరు వైపుకు వచ్చి, తలుపు తెరిచి, ఆ బెల్టును చివరిదాకా లాగాడు. చీటీ చూశాడు. వదిలాడు. బెల్టు తనంతట తాను లోపలికి పోయింది. మళ్ళీ లాగి చూశాడు.

"ఇది కొత్త బెల్టు" అన్నాడు. ఈసారి మొహంలో నవ్వు లేదు. "పాతది కోసి తీసుంటారు. దాంట్లో కూచున్నోడు బతికుండడు అల్లుడా."

తలుపుకు అటువైపు నిలబడిన యజమాని తెలుగులో అన్నాడు:

"బతికినాడు అన్నా. మూడు దినాలు బతికినాడు."

ఇంజను నడుస్తూనే ఉంది. ఎవరూ ఆపలేదు. ఇంజనుకు తగిలించి నేను పట్టుకున్న స్కానరు నిమిషానికి ఏడు వందల ఇరవై తిప్పులు చూపించింది. ఆ అంకె మారుతుందేమోనని చూస్తూ నిలబడ్డాను. మారలేదు.

ఆ ఇంట్లో అప్పటిదాకా మేము తెలుగులో అన్న మాటలు ఇవి. ఒకటి, దొంగ నాయాలు. రెండు, ఇంట్లో గొడవ. మూడు, గేటే ఎదురొచ్చి గుద్దిందేమో. దానికి నేను నవ్వడం కూడా లెక్కే. నాలుగు, బతికుండడు.

"మాదీ మీ మాదిరి తెలుగిల్లేనన్నా" అన్నాడు యజమాని. తప్పు తనదైనట్టు నేల చూస్తున్నాడు. "మీరు మీ ధోరణిలో మాట్లాడతాంటిరి. నడమ చెప్పేదానికి నాకే సిగ్గయింది." బానెట్టు వైపు చూపించాడు. "వేడి చేసి పెట్టలేదన్నా. ఈ దినం బండి పోతాదేమో అని పొద్దున దాంట్లో కూచునుంటి. మా కొడుకు ఇంజను వేసుకుని సుమ్మా, ఊరికే కూచునేవాడు, పాటలు పెట్టుకుని. నేనూ అట్లనే కూచునుంటి."

మామ భుజం మీది తువ్వాలు తీసి చేతిలోకి తీసుకున్నాడు. "తమ్ముడా" అన్నాడు. చేయి లోపలికి పెట్టి ఇంజను ఆపాడు.

బస్సులో పాలక్కోడు దాటేదాకా ఆగి అడిగాను. "బండి ఎట్లుంది మామా?"

"ఇంకా చూడలేదు."

"అంతా చూస్తిరి కదా."

"చూడలేదంటాను కదా" అన్నాడు కిటికీలోంచి బయటికి చూస్తూ.

ఆ తరువాత ఏడాదిన్నరలో నేను ఇంకో రెండుసార్లు అడిగాను. అదే జవాబు. వద్దు అని ఉంటే పదమూడో బండిని వెతుక్కునేవాణ్ణి. సరే అని ఉంటే కొనేవాణ్ణి. రెండూ అనలేదు. అమ్మ అడిగితే మామ ఇంకా చెప్పలేదన్నాను. జాబితాలో అరవై నాలుగో గడి, 'మామ' అని రాసుకున్నది, ఖాళీగా ఉండిపోయింది.

మారండహళ్ళి నుంచి వచ్చాక ఆయన బండ్ల దగ్గర తెలుగు మాట్లాడడం మానేశాడు. ఉన్న లోపాన్ని ఉన్నట్టు అమ్మేవాడి మొహం మీదే తమిళంలో చెప్పేవాడు. మీ గేరుబాక్సు పోయింది సార్. మీ బండి వరదలో మునిగింది సార్. ధర్మపురిలో ఒకాయన కుర్చీ లోంచి లేచి, బయటికి నడవమన్నాడు. కొనడానికి వెంట తీసుకుపోయినవాళ్ళకు కూడా కష్టంగానే ఉండేది. గుట్టు ముందే బయటపడితే బేరం ఎక్కడిది? మెల్లమెల్లగా పిలవడం తగ్గించారు. తువ్వాళ్ళు రావడం తగ్గింది.

"మెల్లగా తెలుగులోనే చెప్పొచ్చు కదా మామా, మునపటి మాదిరి" అన్నాను ఒకసారి.

"ఎవరింట్లో ఏ మాటో నీకు తెలుసునా?" అన్నాడు.

పోయిన నెల గుండెపోటుతో పోయాడు. పొద్దున టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కూర్చున్నచోటే.

బొమ్మిడిలో ఆయన మీద కప్పడానికి జనం తువ్వాళ్ళు తెచ్చారు. పూలదండలకంటే తువ్వాళ్ళే ఎక్కువ. నలభై మూడు లెక్క పెట్టాను. నేను తేలేదు. ఆయన నాకు సరే అనలేదు.

ఐసు పెట్టె తెరిచి ఆయనను వ్యానులోకి ఎక్కించారు. వ్యాను కదిలింది. నా పక్కన నిలబడిన మనిషి నెమ్మదిగా అన్నాడు. "ముందు చక్రం అరుస్తుండాది. ఎడమది."

తిరిగి చూశాను. తెల్ల చొక్కా, పంచె. మోచేతి మీద నాలుగు మడతలు పెట్టిన కొత్త తువ్వాలు. తోట యజమాని. కప్పేలోపే వ్యాను తలుపులు వేసేసినట్టున్నారు.

వ్యాను వెనక నడుస్తూ చెప్పాడు. మామ రెండు వారాలకొక శనివారం మారండహళ్ళికి వచ్చేవాడట. బొమ్మిడి నుంచి ధర్మపురికి ఒక బస్సు, అక్కడి నుంచి ఇంకొకటి. ఏడాదిన్నరగా తప్పలేదట. నాకు ఎప్పుడూ చెప్పలేదు.

"ఏం చేసేవాడు?" అని అడిగాను.

"బండి చూసేవాడు నాయనా. బానెట్టు మీద చెయ్యి పెడతాడు. నేను స్టార్టు చేసుంటే, చల్లారేదాకా కూచుంటాడు. అంతసేపూ మా వాని గురించి అడగతాడు. ఏం తినేవాడు, ఎట్ల తోలేవాడు అని. మా ఇంట్లో ఆ పేరు ఎత్తి మాట్లాడింది ఆయనతోనే. చల్లారినాక ఆయనే స్టార్టు చేస్తాడు. నేను పక్క సీట్లో కూచుంటా. ఇరవై నిమిషాలు అట్లనే కూచునుంటాం. బెల్టు కట్టుకోనిదే తాళం తిప్పడు."

"బెల్టు కట్టుకునేవాడా?"

"కట్టుకుంటాడు. నన్నూ కట్టుకోమంటాడు. ఏం?"

"ఏం లేదు" అన్నాను. కొంచెం దూరం నడిచాక అడిగాను. "బండి మంచిదని గానీ, కాదని గానీ ఏమన్నా చెప్పినాడా?"

"చెప్పలేదు. నేనూ అడగలేదు." ముందు పోతున్న వ్యాను చక్రం వైపే చూస్తున్నాడు. "నువ్వొచ్చి చూడు నాయనా. ఇంక ఎవరొస్తారు?"

పదహారో రోజు కర్మ అయ్యాక, ఆ వచ్చిన శనివారం పోయాను. స్కానరు తీసుకుపోలేదు. కాగితాలు తీసుకుపోలేదు. ఆయన పైగుడ్డ తీసి మడత పెట్టాడు. నేను బానెట్టు మీద అరచేయి పెట్టాను. చల్లగా ఉంది.

"ఈ దినం కూచోలేదు" అన్నాడు. "నువ్వొస్తావని."

డ్రైవరు సీట్లో కూర్చున్నాను. బెల్టు చివరిదాకా లాగి కట్టుకున్నాను. ఆయన పక్క సీట్లో కూర్చుని తనదీ కట్టుకున్నాడు. అప్పుడు స్టార్టు చేశాను. ఇరవై నిమిషాలు అలాగే ఉన్నాం. తరువాత ఇంజను ఆపి, చూసినదంతా గట్టిగానే చెప్పాను, తెలుగులో.

"కుడి తలుపుకు రంగు మళ్ళీ వేసినారు పెద్దనాయనా."

"అవును."

"ఈ బెల్టు మార్చినారు."

"అవును."

"మిగతాదంతా బాగుంది. నేను తీసుకుంటాను."

ఆయన భార్య ఈసారి తలుపు వెనక లేదు. షెడ్డు దాకా వచ్చి నిలబడి ఉంది.

"తోలేదానికా, పెట్టుకునేదానికా?" అని అడిగింది.

"తోలేదానికే పెద్దమ్మా. హోసూరులో దినమూ పనికి పోయి రావాల."

ఆమె లోపలికి పోయింది. రెండో తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టింది. బండి కొన్నప్పుడు పూజ చేసి నిమ్మకాయ కట్టిన దారం ఇంకా దానికే ఉంది.

మేము దిగాం. ఆయన బండి ముందుకు పోయి బానెట్టు మీద చేయి పెట్టాడు. చాలాసేపు తీయలేదు.

"వేడిగా ఉండాది" అన్నాడు. "చల్లారినాక పో నాయనా."

తోలే ముందు ఇంజను చల్లారాలనడానికి నాకు తెలిసిన యంత్రశాస్త్రంలో కారణం ఏదీ లేదు. కొబ్బరి చెట్ల కింద కుర్చీలు వేసుకుని ముగ్గురం కూర్చున్నాం. ఆయన మధ్యలో రెండుసార్లు లేచి చేయి పెట్టి చూసి వచ్చాడు. ఇంకా ఉంది అన్నాడు.

పూర్తిగా చల్లారడానికి గంటా పది నిమిషాలు పట్టింది.